బోనెక్కిన తల్లి, బోనుదాకా రాని తల్లి

నదీన్ లబాకీ తీసిన 'కపర్నౌమ్' మొదలైన కాసేపటికే బేరూత్ మురికివాడలో ఒక ఇరుకిల్లు కనబడుతుంది. ఆ ఇంట్లో చంటిబిడ్డను ఎటూ పాకిపోకుండా కాలికి కట్టేసి ఉంచుతారు. తల్లి సుఆద్‌కు పిల్లలు ఎక్కువ, చూసుకునే చేతులు తక్కువ. చూస్తుంటే మనకు ఒళ్లు మండుతుంది. సినిమా సగం దాటాక, అదే ఇంట్లోంచి పారిపోయిన జైన్ అనే పన్నెండేళ్ల కుర్రాడు, తనకేమీ కాని యోనాస్ అనే పసివాణ్ని రోడ్డు పక్కన కూర్చోబెట్టి కాలికి తాడు కడతాడు. ఈసారి ఒళ్లు మండదు, కడుపు తరుక్కుపోతుంది. చేసిన పని ఒకటే, చేయించిన అవసరమూ ఒకటే. మన తీర్పు మాత్రం తిరగబడింది. లబాకీ దీన్ని కావాలనే రాబట్టిందా, లేక తన సినిమా తనకే ఎదురు చెబుతోందని గమనించలేదా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు. రెండోదే నిజమని అనుమానం.

మీరా నాయర్ 'సలాం బాంబే' 1988లో వచ్చింది, 'కపర్నౌమ్' 2018లో. రెండూ ఆడవాళ్లు తీసినవే. రెండింటిలోనూ ప్రధాన పాత్ర వేసింది అంతకుముందు కెమెరా ముఖం చూడని పిల్లవాడే. మొదటిదానికి కాన్‌లో కెమెరా డోర్‌తో పాటు ప్రేక్షకుల బహుమతి కూడా వచ్చింది, రెండోదానికి జ్యూరీ ప్రైజు వచ్చింది. ఆస్కార్‌లో విదేశీ చిత్రాల నామినేషన్ దాకా రెండూ వెళ్లి ఉత్తచేతులతో తిరిగొచ్చాయి. ఇన్ని పోలికలు చూసి ఈ రెండింటినీ ఒకే గాటన కట్టేయడం సమీక్షకులకు అలవాటు. నాకు పేచీ అక్కడే. పిల్లవాడు వీధిన పడితే ముందుగా ఎవర్ని నిలదీయాలన్న దగ్గర ఈ రెండు సినిమాలూ ఎడమొహం పెడమొహంగా ఉంటాయి.

'సలాం బాంబే'లో కృష్ణ చేసింది మామూలు అల్లరి కాదు. తనను ఏడిపించే అన్న మీద కసికొద్దీ అతని మోటారు సైకిలు తగలబెట్టాడు. తల్లి వాణ్ని తీసుకెళ్లి సర్కస్‌లో వదిలేసి, ఐదొందలు సంపాదించేదాకా ఇంటి మొహం చూడొద్దంది. సర్కస్‌వాళ్లు ఏదో కొనుక్కురమ్మని ఊళ్లోకి పంపారు. వాడు తిరిగొచ్చేసరికి డేరాలు ఎత్తేసి వెళ్లిపోయారు. చేతిలో ఉన్న చిల్లరతో దగ్గర్లో ఏ పెద్ద ఊరుంటే ఆ ఊరికి టికెట్ ఇమ్మంటే బొంబాయికి ఇచ్చారు. కన్నతల్లే కొడుకును వదిలించుకుంది కాబట్టి ఏ చట్టం తీసి చూసినా ఇది కేసే. అయినా సూనీ తారాపోర్‌వాలా రాసిన స్క్రీన్‌ప్లే ఆ తల్లిని తెర మీదికి పిలవదు. తిట్టదు, వెనకేసుకురాదు. కృష్ణ గ్రాంట్ రోడ్ స్టేషన్ దగ్గర టీ గ్లాసులు మోసినా, పెళ్లిళ్లలో వడ్డించినా, చివరికి ఒక ముసలాయన ఇంట్లో దొంగతనానికి దిగినా అంతా ఆ ఐదొందల కోసమే, అంటే ఆ తల్లి దగ్గరికి వెళ్లడానికే. ఉత్తరాలు రాసిపెట్టే మనిషి ముందు కూర్చుని అమ్మకు ఉత్తరం చెప్పి రాయిస్తాడు. (ఆ రాసే మనిషి ఇర్ఫాన్ ఖాన్. సినిమాల్లో అతనికి అదే మొదలు. ఇప్పుడు చూసేవాళ్ల కళ్లు పిల్లవాణ్ని వదిలేసి అతని మీదికే పోతాయి. అందుకు మీరా నాయర్‌ను ఏమీ అనలేం.)

అయితే ఈ సినిమాలో అసలు ఘట్టం కృష్ణది కాదు, మంజుది. మంజు తల్లి రేఖ వ్యభిచారం చేసి బతుకుతుంది. ఆమెతో ఉండేవాడు బాబా, మత్తుమందుల వ్యాపారి. విటుడు వస్తే పిల్లను గదిలోంచి బయటికి పంపేయాలి. ఎవరు చూసినా, పిల్ల పెరగాల్సిన చోటు ఇది కాదనే అంటారు. మీరా నాయర్ కూడా కాదనదు. కాకపోతే ఆ గదిలో తల్లీకూతుళ్ల మధ్య ఉన్న ముద్దూ మురిపెమూ కూడా మొహమాటం లేకుండా చూపిస్తుంది. ఒక రాత్రి పెళ్లిలో పని చేసి తిరిగొస్తున్న కృష్ణనూ మంజునూ పోలీసులు పట్టుకుంటారు. కృష్ణను వీధి పిల్లలు 'చిల్లర్ రూమ్' అని పిలుచుకునే హోములో పడేస్తారు. మంజును ఆడపిల్లల హోముకు పంపుతారు. రేఖ పిల్లను తెచ్చుకుందామని అక్కడికి వెళితే, నువ్వు చేసే పని ఇది కాబట్టి పిల్లను ఇవ్వం పొమ్మంటారు. అక్కడ దుర్మార్గుడంటూ ఎవరూ లేరు. పిల్ల మేలు కోరే పిల్లకు తల్లి లేకుండా చేశారు.

ఇది కథ కోసం అల్లిన మలుపు కాదు. 1986 నాటి బాలల న్యాయ చట్టం 'నిరాదరణకు గురైన బాలలు' ఎవరెవరో చెబుతూ, వేశ్యతో కలిసి ఉంటున్న పిల్లల్నీ ఆ లెక్కలో వేసింది. తల్లి కొట్టిందా, పస్తు పెట్టిందా అని అడగాల్సిన పనిలేదు, ఆమె ఎవరో తెలిస్తే చాలు. తర్వాత 2000లో కొత్త చట్టం వచ్చింది, 2015లో ఇంకొకటి. పిల్లల్ని హోముకు పంపడం ఏ దారీ లేనప్పుడే చేయాలన్న సూత్రాన్ని 2015 చట్టంలో రాసుకున్నాం. పిల్లలు సొంత ఇంట్లోనే పెరిగేలా మిషన్ వాత్సల్య కింద అర్హులైన కుటుంబాలకు నెలకు 4,000 రూపాయలు ఇస్తున్నారు. ఆచరణ ఎలా ఉందన్నది వేరే చర్చ. మంజును హోములో పెట్టి పోషించడానికి పెట్టే ఖర్చులో కొంత రేఖ చేతికి వస్తే ఏమయ్యేదన్న ప్రశ్న మాత్రం 1988లోనే ఈ సినిమా మన ముందు పెట్టింది. పైకి ఒక్క మాట అనకుండానే పెట్టింది.

'సలాం బాంబే' కథ జరిగే ఆ పేట మనకు పరాయిది కూడా కాదు. గ్రాంట్ రోడ్ పక్కనున్న కామాఠీపురాకు ఆ పేరు తెచ్చింది నిజాం ఇలాకా నుంచి కూలికి వలసపోయిన తెలుగు కామాటీలే. తర్వాతి రోజుల్లో మన జిల్లాల ఆడపిల్లలు అక్కడికి అమ్ముడుపోయారు. 'సలాం బాంబే'లో నేపాల్ నుంచి తెచ్చి అమ్మేసిన 'సోలా సాల్' అనే అమ్మాయి ఉంటుంది. ఆమె మాట ఆమెను కొన్న ఇంట్లో ఒక్కరికీ అర్థం కాదు. అనంతపురం నుంచో పాలమూరు నుంచో వెళ్లిన పిల్ల పరిస్థితీ అంతే అయి ఉంటుంది.

ఇక 'కపర్నౌమ్' చూస్తే, తెలుగువాళ్లకు వెంటనే తెలిసిన మనిషిలా అనిపించేది జైన్ కాదు, రహీల్. ఇథియోపియా నుంచి ఇంటిపనికి లెబనాన్ వచ్చిన ఆడమనిషి. గల్ఫ్‌లో ఉన్న కఫాలా పద్ధతే అక్కడా ఉంది. పనిమనిషి ఆ దేశంలో ఉండాలా వద్దా అన్నది యజమాని చేతిలో ఉంటుంది, ఆ గడప దాటితే ఆమె అక్కడ ఉండటమే నేరం. రాయచోటి, రాజంపేట వైపు ఊళ్లలోనో గోదావరి జిల్లాల్లోనో ఆడవాళ్లను కువైట్ పంపిన ఇళ్లలో దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. కఫీల్ (యజమాని), అకామా (నివాస పర్మిట్), ఖద్దామా (ఇంటి పనిమనిషి) ఆ ఇళ్లలో రోజూ వినబడే మాటలు. కఫీల్ ఇంట్లోంచి బయటపడి కాగితాల్లేకుండా దొరికిన పని చేసుకునేవాళ్లను 'ఖల్లివల్లి' అంటారు. రహీల్ ఖల్లివల్లి, పైగా చంటిబిడ్డ తల్లి.

ఎమ్యూజ్‌మెంట్ పార్కులో శుభ్రం చేసే పని ఆమెది. సామాన్ల బండిలో యోనాస్‌ను దాచి తెచ్చి, టాయిలెట్ గదిలో పెట్టి తలుపేసి, మధ్యమధ్యలో వెళ్లి పాలిచ్చి వస్తుంది. దొంగ పర్మిట్ గడువు దగ్గర పడుతుంది. కొత్తది తయారు చేసిచ్చే అస్ప్రో 1,500 డాలర్లు అడుగుతాడు, అంత లేకపోతే బిడ్డను ఇచ్చేయమంటాడు. ఈలోపే ఆమెను పట్టుకుపోతారు. లాకప్‌లో పాలు చేపుకొచ్చి, రొమ్ములు గడ్డకట్టి, ఆ నొప్పికి ఓర్చుకోలేక పాలు పిండి పారబోసుకుంటుంది. తల్లినీ బిడ్డనూ విడదీస్తే ఏం జరుగుతుందో ఇంత ఒంటికి తగిలేలా చూపించిన దృశ్యం నేను వేరే సినిమాలో చూడలేదు. మీరా నాయర్‌లోనూ లేదు.

ఇప్పుడు సుఆద్‌ను రహీల్ పక్కన నిలబెట్టి చూడండి. సుఆద్ దొంగ చీటీలతో మందుల షాపుల నుంచి మత్తునిచ్చే ట్రామడాల్ బిళ్లలు తెప్పిస్తుంది. వాటిని నూరి నీళ్లలో కలిపి, ఆ నీళ్లలో బట్టలు తడిపి జైలుకు పంపుతుంది. రహీల్‌దీ దొంగ కాగితాలతో గడిచే బతుకే. ఇద్దరూ చట్టానికి దొంగలే, ఇద్దరికీ పిల్లల్ని దాచుకోవడమో కట్టేసుకోవడమో తప్ప దారి లేదు. అయితే రహీల్ దగ్గర కెమెరా మోకాళ్ల మీద కూర్చుంటుంది, సుఆద్ దగ్గరికి వచ్చేసరికి గుమ్మంలోనే నిలబడి వేలు చూపిస్తుంది. ఇల్లు వదిలి రహీల్ పంచన చేరిన జైన్, ఆమె పట్టుబడ్డాక ఆ పసివాణ్ని సాకడానికి ఏం చేస్తాడు? తల్లి దగ్గర నేర్చుకున్న ట్రామడాల్ విద్యే వీధిలో అమ్ముకుంటాడు. ఇందాకటి తాడు సంగతి సరేసరి. చివరికి అస్ప్రో మాట నమ్మి యోనాస్‌ను అతని చేతిలో పెట్టేస్తాడు కూడా. కూతుర్ని ఇచ్చేసిన తల్లిదండ్రుల మీద కోపంతో ఇల్లు వదిలిన పిల్లవాడు, తనకు అప్పగించిన బిడ్డను తనే ఇచ్చేశాడు. పేదరికం మనిషిని ఎక్కడిదాకా నెడుతుందో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? కానీ జైన్ తన అమ్మానాన్నల మీద వేసిన కేసు నడిచే కోర్టులోకి సినిమా ఈ సాక్ష్యాన్ని రానివ్వదు.

సుఆద్ తప్పు చిన్నదని నేననడం లేదు. పదకొండేళ్ల సహర్ పెద్దమనిషి కాగానే, ఇంటి ఓనరూ కొట్టువాడూ అయిన అసాద్‌కు కట్టబెట్టారు. ఆ పిల్ల కడుపుతో చనిపోయింది. జైన్ కేసు ఆ పెళ్లి మీదే అయితే నేను కళ్లు మూసుకుని వాడి పక్షాన నిలబడేవాణ్ని. కానీ వాడు వేసిన కేసు అది కాదు, తనను కన్నందుకు. కోర్టును వాడు కోరేది కూడా వీళ్లు ఇక పిల్లల్ని కనకుండా చూడమని. పిల్లవాడి నోట వచ్చినప్పుడు ఆ మాటకు కన్నీళ్లొస్తాయి. సినిమా మొత్తాన్ని దాని చుట్టూ అల్లితే మాత్రం అది పిల్లవాడి మాటగా మిగలదు. పేదవాళ్లు ఎక్కువమందిని కనడమే అన్ని కష్టాలకూ మూలమన్న పెద్దమనుషుల మాట అయిపోతుంది. ఎమర్జెన్సీ కాలపు కుటుంబ నియంత్రణ క్యాంపులు చూసిన దేశంలో ఉండి ఆ మాటకు చప్పట్లు కొట్టడం నావల్ల కాదు.

జైన్ తరఫు వకీలుగా నటించింది లబాకీయే అన్నది ఇక్కడ గుర్తుపెట్టుకోవాలి. దర్శకురాలే ఒక పక్షం వకాల్తా పుచ్చుకుంది. అయినా న్యాయంగా ఒప్పుకోవాల్సింది ఒకటుంది. సుఆద్ ఆ వకీలు వైపు తిరిగి, నా బతుకు నువ్వు ఒక్కరోజు బతికి చూడు అన్నట్టు విరుచుకుపడే ఘట్టాన్ని లబాకీ కోసెయ్యలేదు. తండ్రి సెలీమ్ కూడా, పిల్లలే ఆసరా అని నలుగురూ చెబితే నమ్మానని మొత్తుకుంటాడు. ఆ రెండు నిమిషాల్లో సినిమా దాదాపు దారిలోకి వస్తుంది. వెంటనే మళ్లీ జైన్ ముఖం మీదికి వెళ్లిపోతుంది.

తల్లిదండ్రులు బోనులో ఉంటే రాజ్యం పోయి జడ్జి కుర్చీలో కూర్చుంటుంది. 'కపర్నౌమ్'తో నా అసలు తగాదా దీనిమీదే. జైన్ పుట్టుక ఏ రిజిస్టర్లోనూ లేదు, వాడి వయసెంతో డాక్టరు పళ్లు చూసి అంచనా కట్టాలి. అలా నమోదు కాని ఐదేళ్లలోపు పిల్లలు ప్రపంచంలో దాదాపు 15 కోట్ల మంది ఉన్నారని 2024 చివర్లో యునిసెఫ్ లెక్క చెప్పింది. పుట్టిన వెంటనే బిడ్డను నమోదు చేయాలన్నది 1989 నాటి బాలల హక్కుల ఒప్పందంలో 7వ అధికరణం, ఆ పూచీ దాని మీద సంతకం పెట్టిన ప్రభుత్వాలది. లెబనాన్ దాన్ని 1991లోనే ఆమోదించింది. శరణార్థుల గురించిన 1951 నాటి ఒప్పందంలో మాత్రం నేటికీ చేరలేదు. కఫాలాను నడిపిస్తున్నదీ ఆ రాజ్యమే. అంటే ఈ కేసులో మొదటి ముద్దాయి ఎవరో వాళ్లే తీర్పు చెప్పడానికి కూర్చున్నారు, సినిమాకు అది వింతగా అనిపించలేదు. సహాయ సామగ్రి కోసం జైన్ తాను సిరియా శరణార్థినని యాస మార్చి అబద్ధమాడి పాలూ డైపర్లూ తెచ్చుకునే ఘట్టం ఒకటుంది. లబాకీకి రాజ్యం సంగతి తెలియక కాదని దాంతో అర్థమవుతుంది. తెలిసీ దాన్ని బోనుదాకా లాక్కురాలేదు.

'సలాం బాంబే' మచ్చలేనిదేం కాదు. అందులోనూ కత్తిపోటు ఉంది. అసాద్‌ను పొడిచి జైన్ ఐదేళ్ల శిక్షకు వెళితే, రేఖను వెళ్లనివ్వని బాబాను పొడిచి కృష్ణ జనంలో కలిసిపోతాడు. బాబాగా వేసిన నానా పాటేకర్ కళ్లలోని క్రౌర్యం ఎంత బాగా పండిందంటే, ఆ ఒక్కడు చస్తే పేటకు పట్టిన పీడ వదిలినట్టే అనిపిస్తుంది. వ్యవస్థ గురించి అంత ఓపిగ్గా చెప్పుకొచ్చిన సినిమా చివరికి విలన్‌ను చంపి చేతులు దులుపుకుంది. ఎల్. సుబ్రహ్మణ్యం వయొలిన్ కూడా కొన్నిచోట్ల మన తరఫున తనే ఏడుస్తుంది. రఘువీర్ యాదవ్ వేసిన చిల్లమ్ పాత్ర మాత్రం వీటన్నిటికీ అతీతం. కృష్ణ దాచుకున్న డబ్బు కాజేసి మత్తుకు తగలేసిన స్నేహితుడు అతను. అతన్ని మనం క్షమిస్తాం, ఎందుకంటే కృష్ణ క్షమిస్తాడు.

లబాకీ గెలిచిన చోటు కూడా చెప్పకపోతే అన్యాయమవుతుంది. జైన్, యోనాస్ ఇద్దరే ఆ రేకుల గదిలో మిగిలిపోయిన అరగంటకు సాటి వచ్చేది 'సలాం బాంబే'లో లేదు. ఐస్ ముక్కల మీద పంచదార చల్లి బిడ్డకు నాకిస్తాడు. స్కేట్‌బోర్డు మీద పెద్ద గిన్నె పెట్టి, అందులో వాణ్ని కూర్చోబెట్టుకుని రోడ్ల వెంట లాక్కుపోతాడు. ఇంట్లో టీవీ లేదు. అందుకని అద్దం ఒకటి కిటికీ దగ్గర వాటంగా పెట్టి, పక్కింటి టీవీలో ఆడుతున్న కార్టూన్ అందులో పడేలా చేసి, వినబడని మాటలు తనే కల్పించి చెబుతాడు. ఆరు నెలలు షూటింగ్ చేసి, ఐదొందల గంటలకు పైగా ఫుటేజి తీసిన ఫలితం ఇది. అంత చిన్న బిడ్డతో నటింపజేయడం కుదరదు, బిడ్డ ఏదో ఒకటి చేసేదాకా కాచుకుని ఉండాలి. కెమెరా అలా కాచుకున్నంతసేపూ లబాకీ ఎవరికీ తీర్పు చెప్పలేదు. చేతిలో దమ్మిడీ లేనివాళ్ల ఇల్లు కూడా ఇల్లే అవుతుందని, తన వాదానికి తనే అడ్డం పడి మరీ చూపించింది.

సినిమా అయిపోయాక ఆ పిల్లలేమయ్యారన్న ప్రశ్న ఇలాంటి సినిమాలకు తప్పదు. మీరా నాయర్ షూటింగ్‌కు ముందు నాటక దర్శకుడు బారీ జాన్‌తో వీధి పిల్లలకు వర్క్‌షాప్ పెట్టించింది. ఆ సినిమా పుణ్యమా అని 1988లోనే సలాం బాలక్ ట్రస్టు పుట్టింది. దాన్ని నిలబెట్టింది ఆమె తల్లి ప్రవీణ్ నాయర్. రైల్వే స్టేషన్ల దగ్గర దిగే పిల్లలతో ఆ ట్రస్టు ఢిల్లీలో ఇప్పటికీ పని చేస్తోంది. కానీ కృష్ణగా వేసిన షఫీక్ సయ్యద్ జాతీయ ఉత్తమ బాలనటుడి అవార్డు అందుకుని, సినిమాల్లో అవకాశాలు రాక బెంగళూరు తిరిగెళ్లి ఆటో నడుపుకున్నాడు. సంస్థ నిలిచింది, ఆ ఒక్క కుర్రాడికి మాత్రం దారి దొరకలేదు. దీనికి మీరా నాయర్‌ను తప్పుపట్టేవాళ్లున్నారు. సినిమా తీసినవాళ్లు రాజ్యం చేయాల్సిన పని ఎందాకని చేయగలరని నేను అడుగుతాను.

'కపర్నౌమ్' సంగతి ఇంకోలా నడిచింది. రహీల్ పాత్ర వేసిన యోర్దానోస్ షిఫెరావ్‌ను షూటింగ్ రోజుల్లోనే కాగితాల్లేవని నిజంగా పట్టుకుపోయారు. యోనాస్‌గా కనిపించిన బిడ్డ నిజానికి ఆడపిల్ల. ఆమె అమ్మానాన్నల్నీ అలాగే పట్టుకుపోయారు. జైన్‌గా నటించిన జైన్ అల్ రఫీ సిరియాలోని దారా నుంచి ఇంటివాళ్లతో బేరూత్ చేరి, సరుకులు మోసుకెళ్లి ఇచ్చే పనిలో ఉన్న కుర్రాడు. సినిమా చివర్లో ఫొటోగ్రాఫర్ అతన్ని నవ్వమంటాడు, ఇది గుర్తింపు కార్డుకు, చావు సర్టిఫికెట్‌కు కాదంటాడు. ఆ కార్డు జైన్ ఒక్కడికే. తెర బయట 2018లో ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ చొరవతో నార్వే అతనికి ఉండటానికి చోటిచ్చినప్పుడు మాత్రం అమ్మా నాన్నా తోబుట్టువులూ అందరూ కలిసే వెళ్లారు. కాగితాలు ఇంటిల్లిపాదికీ వచ్చాయి. అతను బడికి వెళ్లడం మొదలుపెట్టింది కూడా అక్కడే.